పాలిష్ పోకుండా మురికి తీయడం: ఒక మహాగని గ్రామఫోన్ పెట్టె కేస్ స్టడీ

పెట్టె హెచ్.ఎం.వి. (హిజ్ మాస్టర్స్ వాయిస్) వాళ్లది, 1920ల చివరి నాటి తయారీ. పరకాల వైపు ఒక పాత గడి ఇంట్లో తరాలుగా ఉండి, శుభ్రం చేయడానికి హనుమకొండ వచ్చింది. నేల మీద నిలబడే రకం. పైన మూత, ముందు రెండు తలుపులు, ఆ తలుపుల వెనుక పెట్టెలోనే దాగిన హారన్ నోరు. తలుపులు తెరిస్తే పాట గట్టిగా వస్తుంది, దగ్గరికేస్తే తగ్గుతుంది. హారన్‌ను బయట పువ్వులా నిలబెట్టకుండా పెట్టెలో దాచే పద్ధతిని అమెరికాలో విక్టర్ కంపెనీ 1906లో విక్ట్రోలా పేరుతో బజారుకు తెచ్చాక, గ్రామఫోన్ పాటల యంత్రంగానే కాక ఇంట్లో సామానుగా కూడా మారింది. అందుకే ఇలాంటి వాటిలో మోటారుకు ఎంత విలువో చెక్కకూ, ఆ చెక్క మీది పాలిష్‌కూ అంత విలువ.

ఒళ్లంతా మహాగని వినీర్, అంటే వేరే చెక్క మీద అతికించిన పలుచని మహాగని పొర. అంచు దగ్గర కొలిస్తే మందం ఒక మిల్లీమీటరు కూడా లేదు. దాని మీద లక్క పాలిష్. మూత లోపలి వైపు కుక్క బొమ్మ ట్రాన్స్‌ఫర్ (కాగితం మీంచి చెక్క మీదికి దింపిన అచ్చు బొమ్మ) అంచులు కాస్త రాలినా బాగానే నిలిచింది. మిగతా ఒళ్లు మాత్రం నల్లటి గోధుమ రంగుకు తిరిగింది. చెయ్యి పెడితే జిగటగా అంటుకుంటుంది. మూత మీద గ్లాసు పెట్టిన తెల్ల వలయాలు, తలుపుల మీద పసుపు కుంకుమ మరకలు, వెనక వైపు బల్లి రెట్ట. ఎడమ పక్క పలక ఒక్కటే మిగతా వాటితో పోలిక లేకుండా తళతళ మెరుస్తూ, అక్కడక్కడ పొరలు లేస్తూ ఉంది.

ఇంటివాళ్లు అడిగింది అందరూ అడిగేదే: "గీకేసి కొత్తగా పాలిష్ కొట్టండి." ఈ పెట్టెకు అది పనికిరాదు. గీకుడు కాగితం పట్టిస్తే మిల్లీమీటరు లేని వినీర్ అంచుల్లో మొదట తెగిపోతుంది, కింద వేరే చెక్క బయటపడుతుంది. అది అతికే గాయం కాదు. రెండోది, తొంభై ఏళ్లకు పైగా వెలుతురు, గాలి తగిలి లక్కకూ మహాగనికీ కలిసి వచ్చిన ఎరుపు రంగును ఏ డబ్బాలోంచీ తీసి పూయలేం. మూడోది, అసలు విషయం: నల్లబడింది పాలిష్ కాదు, పాలిష్ మీద పేరుకున్నది. పైది తీసి కిందిది నిలపాలి. ఈ కేసులో పనంతా ఈ రెంటి మధ్య గీత ఎక్కడుందో కనిపెట్టడమే.

ముందు యంత్రం బయటికి

చెక్క పనికి ముందు మోటారు తీయాలి. స్ప్రింగ్ చుట్టు ఉండగా మోటారు స్క్రూలు ముట్టుకోకూడదు. చుట్టుకున్న స్ప్రింగ్ ఒక్కసారి వదిలితే వేళ్లు పోతాయి. బ్రేక్ వదిలి పళ్లెం తిరిగి తిరిగి తనంతట తాను ఆగేదాకా ఉండాలి. తర్వాత తిప్పే హ్యాండిల్‌ను వెనక్కి తిప్పుతూ మరలోంచి ఊడదీయాలి. పళ్లెం నిటారుగా పైకెత్తాలి, ఆ తర్వాత మోటారు పలక. సౌండ్‌బాక్స్ (సూది పట్టుకుని పాట పలికించే భాగం), టోన్‌ఆర్మ్ (దాన్ని మోసే గొట్టం) విడిగా మెత్తటి గుడ్డలో చుట్టాలి. ఆ కాలపు జింక్ పోత ముక్కలు ఇప్పటికి పెళుసెక్కి ఉంటాయి, బలంగా తిప్పితే చిట్లుతాయి. స్క్రూలను కోడిగుడ్ల అట్టలో గుంటకొకటిగా పెట్టి, ఏది ఎక్కడిదో రాసుకుంటే తిరిగి బిగించేటప్పుడు వెతుకులాట ఉండదు.

ఈ పెట్టెలో స్ప్రింగ్ డబ్బా నుంచి కారిన పాత గ్రీజు, మోటారు కింద పాలిష్ లేని చెక్కలోకి ఇంకింది. దాన్ని తుడిస్తే ఇంకా పరుచుకుంటుంది. సుద్ద పొడిని ఎంటీఓతో (మినరల్ టర్పెంటైన్ ఆయిల్, రంగులు పల్చబరిచేది) కలిపి ఇడ్లీ పిండిలా ముద్ద చేసి, అర సెంటీమీటరు మందాన పెట్టి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి రాత్రంతా ఉంచాలి. పొద్దున కాగితం తీసి ఆరనిస్తే గ్రీజు సుద్దలోకి ఎక్కుతుంది. బ్రష్‌తో దులిపి ఇంకోసారి పెట్టాలి. మరక పూర్తిగా పోదు, కానీ వాసన, జిడ్డు పోతాయి. లోపలి భాగానికి అంతకన్నా అక్కర్లేదు.

కాళ్ల కింద నల్ల కాగితం పరిచి వారం చూడటం కూడా ఈ దశలోనే. కాగితం మీద సన్నటి పిండి రాలితే పుచ్చు పురుగు ఇంకా బతికున్నట్టు. ఇక్కడ రాలలేదు, ఉన్న చిల్లులు పాతవే. వెనక కాలి దగ్గర చెదల మట్టి గీతలున్నా చెక్క గట్టిగానే ఉంది.

వినీర్ బొబ్బలు

తడి పని మొదలయ్యే ముందు ఒళ్లంతా గోటితో కొట్టి వినాలి. అతికి ఉన్న చోట టక్కుమంటుంది, లేచిన చోట డొల్ల మోత. కుడి తలుపు కింది మూలలో అరచేయంత, మూత వెనక అంచున వేలెడంత లేచి ఉన్నాయి. ఇవి అతకకుండా తుడిస్తే నీళ్లు వినీర్ కిందికి పోయి మిగతాదీ లేపుతాయి.

అప్పట్లో వాడింది వజ్రం బంక, అంటే తోలూ ఎముకా కాచి తీసేది. నీటికి, వేడికి మళ్లీ కరగడం దాని గుణం. వడ్రంగులు తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టెతో ఒత్తేది ఆ గుణం చూసుకునే. అయితే లక్క పాలిష్ ఉన్న చెక్క మీద ఆ పని చేస్తే బంక కరిగేలోపే లక్క మెత్తబడి తెల్లబారుతుంది, గుడ్డ నేత అచ్చు పడుతుంది. ఇక్కడ చేసింది వేరు. బంక పలుకులను రెండింతల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, నీళ్ల గిన్నెలో పెట్టి 60 డిగ్రీల దగ్గర కరిగించి (70 దాటితే పట్టు తగ్గుతుంది), లావు సూది సిరంజితో వినీర్ కిందికి ఎక్కించి, పైనుంచి వేలితో ఒత్తి, బయటికి వచ్చిన బంకను తడి దూదితో వెంటనే తుడిచి, మైనపు కాగితం, దాని మీద ఫెల్టు, దాని మీద చెక్క ముక్క పెట్టి క్లాంపుతో 24 గంటలు బిగించడం. క్లాంపు మరీ బిగిస్తే బంకంతా బయటికి పోయి అతుకు ఎండిపోతుంది. అంచున సన్నటి గీతలా బంక కనిపించేంత బిగువు చాలు.

ఏ పాలిష్ అనేది తేల్చుకోవడం

చూపుతో చెప్పకూడదు, పరీక్ష చేయాలి. వెనక పలక కింది మూల, తలుపు కీలు వెనక అంచు వంటి కనపడని చోట్లు ఎంచుకుని, వెదురు పుల్లకు సర్జికల్ దూది చుట్టి, తక్కువ ఘాటు ద్రవం నుంచి ఎక్కువ ఘాటు ద్రవం వైపు వెళ్లాలి. మొదట పొడి దూది, తర్వాత డిస్టిల్డ్ నీళ్లు, తర్వాత ఎంటీఓ, చివరగా స్పిరిట్ (పాలిష్ పనికి వాడే, తాగడానికి పనికిరాని ఆల్కహాల్). ఎక్కడ పని జరిగితే అక్కడ ఆగాలి.

స్పిరిట్ చుక్క పడితే లక్క నిమిషంలోపు మెత్తబడి వేలికి అంటుకుంటుంది. చాలా పాతబడిన లక్క కాస్త మొండికేస్తుంది కాబట్టి వెంటనే "ఇది లక్క కాదు" అనేయకూడదు, ఇంకో నిమిషం చూడాలి. స్పిరిట్‌కు లొంగక ఎన్‌సీ థిన్నర్‌కు కరిగితే అది నైట్రోసెల్యులోజ్ లాకర్. రెంటికీ కదలకపోతే నూనె వార్నిష్ గానీ, ఈ మధ్య కాలపు పాలీయురేథేన్ గానీ అయ్యుంటుంది. ఈ పెట్టెలో ఎడమ పలక తప్ప అన్ని చోట్లా లక్కే. ఎడమ పలక మీద స్పిరిట్ రెండు నిమిషాలు ఉంచినా చలనం లేదు.

ఒక మాట. రంగుల దుకాణంలో టర్పెంటైన్ అని అడిగితే ఇచ్చేది ఎక్కువగా పెట్రోలియం నుంచి తీసే ఎంటీఓ. చెట్టు బంక నుంచి తీసే టర్పెంటైన్ వేరు, దాని వాసనే వేరు. శుభ్రం చేయడానికి ఎంటీఓ చాలు, పైగా లక్క అందులో కరగదు. ఇళ్లల్లో వాడే గ్యాస్ నూనె (కిరోసిన్) కూడా మురికిని వదిలిస్తుంది కానీ వెనక జిడ్డు పొర మిగుల్చుతుంది. ఆ జిడ్డు మీద మళ్లీ దుమ్ము కూర్చుంటుంది.

పొరలు విప్పడం

పరీక్షలో తేలిన వరుస పైనుంచి కిందికి ఇది: పత్తి నుసి కలిసిన దుమ్ము, జిగట నూనె, దీపాల మసి, సాంబ్రాణి పొగ, అక్కడక్కడ పసుపు కుంకుమ, అన్నిటికన్నా కింద పాత మైనం, దాని కింద లక్క. జిగట ఎందుకొచ్చిందో తెలుసుకుంటేనే ఏం వాడాలో తెలుస్తుంది. పండగకోసారి చెక్కకు నూనె రాయడం మన ఇళ్లల్లో మామూలే. కొబ్బరి నూనె ఆరే రకం కాదు, ఏళ్లు గడిచినా జిడ్డుగానే ఉంటుంది. దీపాలకు వాడే నువ్వుల నూనె సగం ఆరే రకం. గాలి తగిలి నెమ్మదిగా బంకలా మారుతుంది. రెండూ కలిస్తే దుమ్ము పట్టే ఉచ్చు తయారవుతుంది. చెక్కకు "తిండి" పెట్టాలనుకుని రాసే నూనె లక్క మీదుగా చెక్కలోకి పోదు, లక్క ఉన్నదే దాన్ని ఆపడానికి. పైనే కూర్చుని ముదురుతుంది.

మొదట మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపాలి, రెండో చేత్తో వాక్యూమ్ గొట్టం నోటికి పలుచని గుడ్డ కట్టి దగ్గర పెట్టుకోవాలి. ఆ గుడ్డ ఉంటే రాలిన వినీర్ ముక్క గొట్టంలోకి పోదు, దొరుకుతుంది, మళ్లీ అతకొచ్చు.

తర్వాత ఎంటీఓ. పలకను జానెడు జానెడు గళ్లుగా అనుకుని ఒక్కో గడి పూర్తిచేయాలి. దూదిని తడిపి పిండేసి, చెక్క మీద రుద్దకుండా దొర్లించాలి. రుద్దితే పాలిష్‌లోని సన్న పగుళ్లలోకి మసి దిగిపోతుంది, దిగిన మసిని బయటికి తీయడం సాధ్యం కాదు. దొర్లించిన దూదిని తిప్పి చూడాలి. ఈ పని అంతా దూది చెప్పే మాట వినడమే. బూడిద నలుపైతే మసి. లేత పసుపు గోధుమ రంగులో జిగటగా ఉంటే నూనె. నారింజ గోధుమ రంగు వస్తే అక్కడే చెయ్యి తీయాలి, అది లక్క అయ్యుండొచ్చు. అనుమానం వస్తే ఆ దూదిని పక్కన పెట్టి ఆరనివ్వాలి: నూనె దూది మర్నాటికీ మెత్తగా జిగటగానే ఉంటుంది, లక్క పీల్చిన దూది అట్టలా బిరుసెక్కి మెరుస్తుంది. ఎంటీఓతో చేసినంతసేపూ ఇలా బిరుసెక్కిన దూది ఒక్కటీ రాకూడదు. వచ్చిందంటే సీసాలో ఇంకేదో కలిసినట్టు, ఆ డబ్బా మార్చాలి.

గుడ్డ విషయంలోనూ జాగ్రత్త. కొత్త బట్టకు గంజి ఉంటుంది, అది గీరుతుంది. చాలాసార్లు ఉతికిన పాత పంచె బట్ట సరైనది.

నూనె పోయాక మసి మిగులుతుంది. దానికి నీళ్లు కావాలి. 1 లీటరు డిస్టిల్డ్ నీళ్లలో 5 మిల్లీలీటర్ల తటస్థ నాన్‌అయానిక్ డిటర్జెంట్. బోరు నీళ్లు వద్దు, ఆరాక ఉప్పు చారలు మిగులుతాయి. బ్యాటరీల దుకాణంలో దొరికే డిస్టిల్డ్ నీళ్లు చాలు, అక్కడే యాసిడ్ క్యాన్లు కూడా ఉంటాయి కాబట్టి సీల్ చూసి తీసుకోవాలి. దూది తడి అనిపించాలి కానీ కారకూడదు. ఒక గడి తుడిచిన వెంటనే ఉత్త డిస్టిల్డ్ నీళ్ల దూది, ఆ వెంటనే పొడి గుడ్డ. లక్క మీద నీరు నిలిస్తే తెల్లబారుతుంది.

బట్టల సబ్బు పొడి, వంట సోడా, అమ్మోనియా ఉన్న అద్దాల స్ప్రే ఏవీ దగ్గరికి రానివ్వకూడదు. లక్క ఆమ్ల గుణమున్న జిగురు, క్షారం తగిలితే కరుగుతుంది. సోడా నీళ్లతో తుడిస్తే ఎంతో శుభ్రమైనట్టు కనపడుతుంది, గుడ్డకు బాగా గోధుమ రంగు వస్తుంది. ఆ వచ్చిన రంగులో సగం పాలిషే.

తలుపుల చట్రాల మూలల్లో సాంబ్రాణి పొగ, మసి కలిసి గట్టి పెచ్చు కట్టింది. దానికి ట్రై అమ్మోనియం సిట్రేట్ 2 శాతం ద్రావణం, అంటే లీటరు డిస్టిల్డ్ నీళ్లకు 20 గ్రాములు. ల్యాబ్ సామాన్ల దుకాణాల్లో దొరుకుతుంది. ఆ ద్రావణాన్ని మిథైల్ సెల్యులోజ్‌తో గంజిలా చిక్కబరచి మూలకు పూసి, రెండు నిమిషాలకు మించకుండా ఉంచి, దూదితో ఎత్తి, ఉత్త నీళ్లతో రెండుసార్లు కడగాలి. గంజిలా చిక్కగా ఉండటం వల్ల ద్రావణం కీళ్లలోకి కారదు, పెట్టిన చోటే ఉంటుంది. పెచ్చు మొత్తం రాలేదు. మూలల్లో సన్నటి నల్ల గీత మిగిలింది. దాన్ని అలాగే వదిలేశాం, ఇంకో విడత చేస్తే పక్కనున్న లక్క పల్చబడుతుంది.

బల్లి రెట్టకు తొందర పనికిరాదు. పైనున్న తెల్ల గడ్డ గట్టిగా ఉంటుంది, పొడిగా గోకితే కిందున్న పాలిష్‌ను వెంట తీసుకుపోతుంది. డిస్టిల్డ్ నీళ్లతో తడిపి పిండిన చిన్న దూది ముక్కను దాని మీద మాత్రమే పెట్టి నిమిషం ఉంచి, మెత్తబడ్డాక వెదురు పుల్ల కొసతో పక్కనుంచి లేపాలి. కింద చిన్న గుంట ఉండొచ్చు. ఈ పెట్టెలో రెండు చోట్ల ఉంది.

పసుపు, కుంకుమ

దసరాకు ఆయుధ పూజ చేసినప్పుడు తలుపుల మీద పెట్టిన బొట్లు ఏటా ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పైపొడి బ్రష్‌తో పోతుంది. మిగిలిన పచ్చ నీడ లక్కలోకే ఎక్కింది. పసుపులోని కర్కుమిన్ నూనెలో కరుగుతుంది, స్పిరిట్‌లో ఇంకా బాగా కరుగుతుంది; కానీ స్పిరిట్ వాడితే లక్కా కరుగుతుంది. కాబట్టి ఆ దారి లేదు.

మరక పసుపుదో కాదో తేల్చుకోవడం తేలిక, పెట్టె మీద ప్రయోగం అవసరం లేదు. మరక మీది పైపొడిని దూదికి అద్ది, ఆ దూదికి తడి సున్నం చుక్క అంటించాలి. పసుపైతే వెంటనే ఎర్రబారుతుంది, పసుపుకు సున్నం కలిపి కుంకుమ చేసేది ఈ గుణంతోనే. ఇప్పుడు దొరికే కుంకుమల్లో చాలావాటిలో వేరే రంగులుంటాయి, అవి సున్నానికి ఇలా మారవు, కొన్ని నీళ్లకే ఊడతాయి. సబ్బు నీళ్లతో తుడిచిన ఇళ్లల్లో పసుపు మరక ఎర్ర మరకగా మారి భయపెడుతుంది. కారణం సబ్బులోని క్షారమే.

కర్కుమిన్ వెలుతురుకు విరుగుతుంది. ఆ గుణం ఇక్కడ ఉపయోగపడింది. మరక ఉన్నంత మేర చిల్లు కోసిన నల్ల కాగితంతో తలుపంతా కప్పి, తలుపును చలికాలపు పొద్దుటి ఎండలో రెండేసి గంటలు ఉంచడం. మధ్యాహ్నం ఎండ వద్దు: లక్క మెత్తబడుతుంది, వినీర్ ఎండి లేస్తుంది, మహాగని రంగే మారుతుంది. మరక సగానికి పైగా తగ్గాక ఆపేశాం. ఇంకా ఉంచితే పచ్చ మచ్చ స్థానంలో పాలిపోయిన మచ్చ మిగులుతుంది, అది ఇంకా ఎక్కువ కనపడుతుంది.

ఎడమ పలక

ఎప్పుడో ఎవరో ఈ ఒక్క పలక మీద మెరుపు వార్నిష్ కొట్టారు. కింద నూనె, మైనం తీయకుండా కొట్టడం వల్ల అది లక్కను పట్టుకోలేదు, నూనె పొర మీద తేలుతూ ఉండిపోయింది. ఆ పొరపాటే పెట్టెను కాపాడింది. పగిలిన పెచ్చు అంచు కిందికి ప్లాస్టిక్ గీకుడు బిళ్లను దాదాపు పడుకోబెట్టినట్టు తోస్తే రేకుల్లా లేచి వచ్చింది. కింద పాత లక్క దాదాపు చెక్కు చెదరకుండా ఉంది. లేవని చోట్లు, ముఖ్యంగా పలక మధ్యలో అరచేయంత మేర, గట్టిగా పట్టుకుంది. దాన్ని కరిగించే రిమూవర్ లక్కనూ కరిగిస్తుంది. ఆ మేర అలాగే ఉంచి, తర్వాత మైనంతో మెరుపు సరిపెట్టాం. పక్కవెలుతురులో చూస్తే తేడా తెలుస్తుంది, ఎదురుగా నిలబడితే తెలియదు.

కుక్క బొమ్మ

ట్రాన్స్‌ఫర్ మీద స్పిరిట్ గానీ, స్టీల్ ఊల్ గానీ, పాలిష్ గానీ ఏదీ పనికిరాదు. మెత్తటి బ్రష్, తర్వాత డిస్టిల్డ్ నీళ్లతో దాదాపు పొడిగా పిండిన దూదిని అంచు నుంచి లోపలికి ఒక్కసారి దొర్లించడం. అంతే. బంగారు అక్షరాల చుట్టూ మిగిలిన గోధుమ రంగు మురికి అనిపిస్తుంది కానీ పైపూతే ముదిరి అలా మారింది. దాన్ని తీయాలని చూస్తే అక్షరాలే పోతాయి. మూత లోపల స్పిరిట్ పని చేసేటప్పుడు బొమ్మ మీద పాలిథీన్ కప్పి అంచులు టేపుతో అంటించకూడదు, టేపు తీస్తే బొమ్మ వస్తుంది. బరువు పెట్టి ఆపుకోవాలి.

తెల్ల వలయాలు, తరుగు

మూత మీది వలయాలు లక్కలో చిక్కిన తేమ. సరిగ్గా చేస్తే చాలావరకు తగ్గుతాయి. దూదిని పంచె గుడ్డలో చుట్టి పిడికిలిలో పట్టే పొట్లంలా చేసి, రెండు మూడు చుక్కల స్పిరిట్ వేసి, పొట్లాన్ని చేతి వెనక ఆనిస్తే చల్లగా అనిపించేంత మాత్రమే తడి ఉంచాలి. వలయం మీదుగా విమానం దిగి ఎగిరినట్టు ఒక్క ఊపులో పోనిచ్చి ఎత్తేయాలి, మధ్యలో ఆపకూడదు. ఆగిన చోట లక్క లాగుకుపోయి గుంట పడుతుంది. రెండు నిమిషాలు ఆరనిచ్చి మళ్లీ.

ఇది వానాకాలంలో పెట్టుకోకూడదు. జూలై నుంచి సెప్టెంబరు దాకా వరంగల్ గాలిలో తేమ ఎక్కువ. స్పిరిట్ ఆవిరవుతూ చెక్కను చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలోని తేమ కొత్త పూత మీద వాలి మళ్లీ తెల్లబారుతుంది. గదిలో చిన్న తేమ మీటరు పెట్టుకుని 65 శాతం దాటితే స్పిరిట్ సీసా మూత తీయకూడదు. మే నెల ఇంకో రకం ఇబ్బంది: 43, 44 డిగ్రీల్లో స్పిరిట్ పొట్లంలోనే ఆవిరై గుడ్డ ఈడ్చుకుపోతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం.

పాలిష్ పూర్తిగా పోయిన చోట్లు, అంటే మూత ముందు అంచు, హ్యాండిల్ చిల్లు చుట్టూ, బల్లి రెట్ట గుంటలు, వీటికి మాత్రం కొత్త లక్క. 250 మిల్లీలీటర్ల స్పిరిట్‌లో 30 గ్రాముల చపడా లక్క పలుకులు. గాజు సీసాలో రాత్రంతా ఉంచి, అప్పుడప్పుడు కదిపి, పల్చటి గుడ్డలో వడకట్టాలి. మహాగనికి ముదురు రంగు బటన్ లక్క బాగా కలుస్తుంది. స్పిరిట్ నమ్మకమైన చోట కొనాలి. మిథనాల్ ఎక్కువ కలిసినది చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది కాబట్టి నైట్రైల్ తొడుగులు, ఎదురెదురు కిటికీలు తప్పనిసరి. ఆ గదిలో దీపం, అగరబత్తి ఉండకూడదు.

కలిపిన లక్క ఎక్కువ కాలం నిలవదు. వేడికి ఇంకా త్వరగా పాడై, పూశాక ఎప్పటికీ గట్టిపడదు. వాడే ముందు గాజు పలక మీద చుక్క వేసి చూడాలి. మర్నాడు గోరు గుచ్చితే గట్టిగా ఉంటే మంచిది, వేలిముద్ర పడితే పారబోయాలి. పూతలు పల్చగా, అరగంట ఎడంతో మూడు. చేతులు ఎత్తీ ఎత్తీ అరిగిన మూత అంచును కొత్త రంగుతో నింపలేదు, తేమ పోకుండా పూతతో కప్పడం వరకే. అక్కడ రంగు తేడా ఉండటమే సరైనది.

మూత మీది సన్న పగుళ్ల వల కూడా అలాగే ఉంచాం. స్పిరిట్ పోసి లక్కను మళ్లీ కరిగించి సమం చేసే పద్ధతి ఒకటుంది. చేస్తే అద్దంలా వస్తుంది. ఆ పగుళ్లలోని మసి కూడా లక్కలో శాశ్వతంగా కలిసిపోతుంది.

మైనం

తేనె మైనం 62 నుంచి 64 డిగ్రీల మధ్య కరుగుతుంది కానీ మన ఎండాకాలపు గదిలోనే మెత్తబడి దుమ్ము పడుతుంది. అందుకే కార్నౌబా మైనం (ఒక తాటి జాతి చెట్టు ఆకుల నుంచి తీసే గట్టి మైనం) కలపాలి, అది కరగడానికి 82 డిగ్రీలు దాటాలి. కార్నౌబా 25 గ్రాములు, తేనె మైనం 100 గ్రాములు, టర్పెంటైన్ 300 మిల్లీలీటర్లు. మైనాలను మరిగే నీళ్ల గిన్నెలో ఉంచిన డబ్బాలో, ముందు కార్నౌబా, తర్వాత తేనె మైనం వేసి కరిగించాలి. పొయ్యి ఆర్పి, డబ్బాను దూరంగా తీసుకెళ్లి, అప్పుడు టర్పెంటైన్ పోయాలి. చల్లారితే నెయ్యిలా గడ్డకడుతుంది. చిటికెడు తీసుకుని పల్చగా రాసి, అరగంట ఆగి, పొడి పంచె బట్టతో రుద్దితే చాలు. మందంగా రాస్తే మళ్లీ జిగటే. కొత్త లక్క పడిన చోట్లకు వారం ఆగి రాయాలి.

ఇత్తడి, నికెల్ బిగింపులను విప్పి విడిగా తుడవాలి. ఇత్తడి పాలిష్ ద్రావకాల్లో అమ్మోనియా ఉండొచ్చు, పక్కనున్న లక్కను తింటుంది. పైగా అందులోని తెల్ల పొడి చెక్క గీతల్లో చేరి ఎప్పటికీ రాదు. పెంబర్తి ఇత్తడిలా మెరవాలని నికెల్ పూతను రుద్దితే పూత పోయి కింది లోహం బయటపడుతుంది. ఎంటీఓ దూది, పొడి గుడ్డ సరిపోతాయి. పెట్టెతో పాటు వచ్చిన 78 ఆర్‌పీఎం రికార్డులను కూడా స్పిరిట్‌తో తుడవకూడదు, వాటిలో ఉన్నదీ లక్కే.

ఇంటికి పంపేటప్పుడు చెప్పినవి

నూనె ఏదీ రాయొద్దు. వారానికోసారి పొడి గుడ్డ, ఏడాదికోసారి పల్చటి మైనం. గోడకు జానెడు ఎడం. ఎండాకాలంలో కూలర్ గాలి నేరుగా తగలకూడదు, ఆ తడిగాలికి మూత ఒకే వేసవిలో మళ్లీ తెల్లబారుతుంది. పెట్టె మీద గ్లాసు, పూల కుండీ పెట్టొద్దు. దసరాకు బొట్టు పెట్టాలి కాబట్టి దానికి చోటు చూపించాం: తిప్పే హ్యాండిల్ ఇనుప కడ్డీ మీద పసుపు కుంకుమ పెట్టుకోవచ్చు, పూజ అయ్యాక తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. చెక్క మీదే పెట్టాలనుకుంటే మైనపు కాగితం ముక్క వేసి, దాని మీద తమలపాకు, ఆకు మీద బొట్టు.